నల్లబంతి అంచునే ఆగింది

నల్లబంతి దొర్లుకుంటూ పోయింది. పచ్చపట్టు పరిచిన రాతిబల్ల మీద, అంతఃపురంలో షికారుకు బయలుదేరిన రాణిగారిలా తీరిగ్గా, మూలగుంట వైపు నడిచింది. అంచు దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. లోపలికి ఒకసారి తొంగి చూసి, ఈ పూటకు వద్దులే అనుకున్నట్టు నిలబడిపోయింది.

వేణుకోన శరభుడు వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ఉఫ్ అంటే పడిపోయేలా ఉంది బంతి. కానీ కోలబంతి ఆటలో ఉఫ్ అనడం నిషిద్ధం.

"అయ్యో పాపం!" అన్నాడు మాంత్రికుడు ధూమజటుడు. అతని జడల్లోంచి సన్నగా పొగ లేచింది. గురి కూడా చూడకుండా, ఈగను తోలినంత తేలిగ్గా కోల ఆడించి, నల్లబంతిని గుంటలోకి నెట్టేశాడు. "మొదటి ఆట నాది. రెండోది గెలిస్తే ఒక బంతి నీది. ఇంకొక్కటి ఓడావంటే నువ్వూ వీటిలో ఒకడివి. ఏ రంగు కావాలో ఆలోచించి పెట్టుకో."

వీటిలో అంటే బల్ల మీది రంగురంగుల దంతపు బంతుల్లో. అవన్నీ ఒకప్పుడు మనుషులే. ఈ బల్ల దగ్గర ధూమజటుడితో ఆడి, ఓడి, గుండ్రంగా అయిపోయిన మనుషులు. వాటిలో ఎర్రబంతి శరభుడి అక్క వకుళ. తల్లీ తండ్రీ పోయాక వాణ్ణి పెంచింది, చేతికి కోల ఇచ్చి ఆట నేర్పింది ఆవిడే. వాళ్ళ రాజ్యమైన కుంకుమాద్రి యువరాజు ఈ శంఖుద్వీపానికి వచ్చి బంతి అయిపోయాడని తెలిసి, అతన్ని విడిపిస్తానని పడవెక్కింది. తానూ తిరిగి రాలేదు. ఆమె కోసమే శరభుడు సముద్రం దాటి వచ్చాడు.

ఆట చూడబోతే చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేదే. కోలతో తెల్లబంతిని కొట్టాలి, అది వెళ్ళి మిగతా బంతుల్ని గుంటల్లోకి తోయాలి, రంగుబంతులన్నీ పడ్డాక చివరికి మిగిలే నల్లబంతిని ఎవడు వేస్తే వాడిదే గెలుపు. శరభుడికి అన్నీ వచ్చు. మెలిక దెబ్బ వచ్చు, బల్ల చుట్టూ ఉన్న గోడకు తాకించి తిప్పడం వచ్చు, ఒక్క దెబ్బకు రెండు బంతులు పడేయడం వచ్చు. రానిదల్లా ఆ చివరి నల్లబంతి ఒక్కటే. వసంతోత్సవం పోటీలో అది అంచున ఆగింది. రాజుగారి పట్టాభిషేకం పోటీలోనూ అంచునే ఆగింది. కుంకుమాద్రిలో వాణ్ణి అసలు పేరుతో పిలిచేవాళ్ళు తగ్గిపోయి, అంచు శరభుడు అనే పేరే స్థిరపడిపోయింది.

ఆ పేరు వల్ల లాభం లేకపోలేదు. పూటకూళ్ళ సూరమ్మ ఇంట్లో శరభుడికి భోజనం ఉచితం. ఎలా ఓడాడో కథగా చెబితే చాలు, బాటసారులు విస్తళ్ళు వదిలి వచ్చి చుట్టూ చేరేవాళ్ళు. రాణిగారి వింజామర గాలికి బంతి ఆగిపోయిందని మొదట్లో చెప్పాడు. కొన్నాళ్ళకు వింజామర కాస్తా సుడిగాలి అయింది. ఆ తర్వాత సుడిగాలిలో ఒక ఏనుగు కూడా కొట్టుకుపోయింది. ఓడిపోవడంలో తనంత పేరు తెచ్చుకున్నవాడు చరిత్రలో లేడని శరభుడికి లోలోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

ఇప్పుడు ఆ గర్వం ఎక్కడా కనిపించలేదు.

"సముద్రం పోటు దిగేదాకా నీకు గడువు," అన్నాడు ధూమజటుడు బంతుల్ని జింకతోలు సంచిలో వేస్తూ. "నేను భోంచేసి వస్తాను. ఓడిన మొహం ఎదురుగా ఉంటే నాకు అన్నం అరగదు." సంచిని గోడకున్న సింహం తల కొయ్యకు తగిలించి, చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయాడు.

ధూమజటుడి కోట అందం చూడాలంటే రెండు కళ్ళూ చాలవు. స్తంభాలు ఎర్రటి పగడం, కప్పు ముత్యపుచిప్పల పేర్పు, నేల సముద్రపు అలలు గడ్డకట్టినట్టు నీలంగా మెరిసే రాయి. గోడల్లో అమర్చిన శంఖాల్లోంచి గాలి దూరి సన్నాయిలా మోగుతుంటుంది. కిటికీకి అవతల, మంత్రబలంతో గోడలా లేచి నిలిచిన నీళ్ళలో చేపలు బారులు తీరి, లోపల ఏం జరుగుతోందో చూద్దామని అద్దాలకు మూతులు ఆనించి ఉంటాయి. శరభుడు ఇవేవీ చూడలేదు. వాడి కళ్ళు జింకతోలు సంచి మీదే ఉన్నాయి.

"ఆడి గెలవడం ఎలాగూ మన వల్ల కాదు," అనుకున్నాడు. "ఎత్తుకుపోవడం ప్రయత్నిద్దాం."

ఒక్క గంతులో సంచి అందుకుని, చంకన పెట్టుకుని, పరుగు లంకించుకున్నాడు. పగడపు మెట్లు రెండేసి చొప్పున దిగాడు. వెనక టకటకమని శబ్దం. తిరిగి చూస్తే కోట కాపలా ఉన్న రాకాసి పీత! ఎడ్లబండి అంత డిప్ప, దూలాల్లాంటి డెక్కలు, కళ్ళు రెండూ కాడల చివర ఊగుతున్నాయి. పొద్దున్నే శరభుడు మేకవెంట్రుకల గడ్డం అతికించుకుని, కోల మొనకు రాసే సుద్ద అమ్ముకునే ముసలివాడి వేషంలో వచ్చినప్పుడు ఆ గడ్డాన్ని పీకి నమిలేసింది ఇదే.

శరభుడు స్తంభం చుట్టూ తిరిగాడు, పీతా తిరిగింది. శరభుడు అడ్డంగా దూకాడు. అడ్డంగా పోవడంలో పీతతో పోటీ పెట్టుకోవడం ఎంత తెలివితక్కువో దూకాక గానీ తెలియలేదు. డెక్క దెబ్బకు స్తంభం ముక్కలై కూలింది. ఆ శిథిలాల మీదుగా పాకి, జారి, లేచి, మొలతాడు తెగి పంచె జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో సంచి పట్టుకుని సింహద్వారం వైపు పరిగెత్తాడు. అవతల రేవులో వాడి పడవ ఊగుతూ కనిపిస్తోంది. పైనుంచి ఇనుపతలుపు కిందికి దిగుతోంది. ఉన్న బలమంతా కూడదీసుకుని బోర్లా జారాడు.

తలుపు ధడేలున నేలను తాకింది. శరభుడి ముక్కుకొన దానికి ఆని ఆగిపోయింది. ఒక్క క్షణం ముందు జారి ఉంటే బయటపడి ఉండేవాడు.

"ఇక్కడా అంచేనా!" అని తలుపుతో అన్నాడు శరభుడు.

పీత వాణ్ణి పంచె పట్టుకుని ఎత్తి, ఉతికిన బట్టను ఆరేయడానికి తీసుకెళ్ళినట్టు మెట్లన్నీ ఎక్కించి, ఆట మందిరంలోకి విసిరేసింది. సంచి కూడా పక్కనే వచ్చి పడింది. ఆ తర్వాత అది గడపకు అడ్డంగా కూర్చుని కళ్ళు లోపలికి ముడుచుకుంది.

శరభుడు పడినచోటే కూలబడ్డాడు. ఏడుపు ముంచుకొచ్చింది. ఆపుకునే ప్రయత్నం కూడా చేయలేదు. సంచిలో చేయి పెట్టి ఎర్రబంతిని వెతికి తీసి, రెండు అరచేతుల మధ్య పెట్టి గుండెకు హత్తుకున్నాడు. చేతి వెచ్చదనానికి బంతి మెల్లగా గోరువెచ్చనయింది.

"చేతులు కడుక్కున్నావా?" అంది బంతి.

శరభుడు ఉలిక్కిపడ్డాడు. "అక్కా!"

"సుద్ద, చెమట, పీత వాసన. నువ్వేనని అప్పుడే అనుకున్నా. ఏడవకు, ఒంటికి తడి తగిలితే నాకు బీటలు పడతాయి. వెచ్చగా పట్టుకుంటేనే మాట వస్తుంది, గట్టిగా పట్టుకో."

"అక్కా, నిన్ను విడిపిద్దామని వచ్చానే! మొదటి ఆట పోయింది."

"తెలుసు. నేనూ బల్ల మీదే ఉన్నాగా. ఎట్లా ఓడావో చెప్పు."

శరభుడు ముక్కు తుడుచుకుని సర్దుకుని కూర్చున్నాడు. చెప్పమంటే వాడికి చేతనైనది అదొక్కటే. "అసలేం జరిగిందంటే, బంతి పడిపోవాల్సిందే. సరిగ్గా అప్పుడే ఆ శంఖంలోంచి గాలి..."

"గాలి మాట రాకూడదు."

వాడు టక్కున నోరు మూశాడు. ఎన్నాళ్ళయింది ఆ మాట విని!

వాళ్ళ ఊరు వేణుకోనలో ఒక పద్ధతి ఉంది. దాన్ని ఓటమి అప్పగింత అంటారు. కోలబంతి పోటీలో ఓడి ఇంటికొచ్చినవాడు కాళ్ళు కడుక్కోకముందే నేల మీద కూర్చోవాలి. ఇంట్లో పెద్దవాళ్ళొకరు ఎదురుగా పీట వేసుకుని కూర్చుంటారు. ఎలా ఓడాడో వాడు చెప్పాలి. గాలి, సుద్ద, బల్ల, ఈ మూడు మాటలూ నోట రాకూడదు. ఎదుటివాళ్ళను నవ్వించకూడదు. వినేవాళ్ళు ఓదార్చకూడదు, తిట్టకూడదు. ఉన్నదున్నట్టు చెప్పాడని తోచాక, "విన్నాను, ఇక అది నాది" అంటారు. అంతటితో ఆ ఓటమి చెప్పినవాడిది కాదు. దాన్ని మళ్ళీ ఎక్కడా ఎత్తకూడదు. లేచి అన్నం తినాలి.

చిన్నప్పటి నుంచీ శరభుడి ఓటములన్నీ వకుళ చేతికే అప్పగింత అయ్యాయి. ఆమె పడవెక్కి వెళ్ళాక వినే మనిషి లేక, వాడు వాటిని సూరమ్మ ఇంటికి మోసుకెళ్ళాడు. అక్కడ అందరూ విన్నారు, అందరూ నవ్వారు, అన్నం కూడా పెట్టారు. ఇక అది నాది అని మాత్రం ఎవరూ అనలేదు. వాళ్ళకెందుకు ఆ పీడ!

"మళ్ళీ మొదలుపెట్టు," అంది ఎర్రబంతి.

"కోల జారిందక్కా. మొనకు సుద్ద సరిగా..."

"ఊఁ?"

"సుద్ద కాదులే. ఎడమ పక్కన బల్ల కాస్త..."

"ఒరేయ్!"

"పోనీ, నల్లబంతి రాణిగారిలా నడిచొచ్చి గుంటలోకి తొంగి చూసి..."

"నవ్వించకూడదు. అక్కడ సంచిలో అందరూ వింటున్నారు, యువరాజుకి ఇప్పటికే నవ్వు ఆగట్లేదు. నిజం చెప్పరా."

శరభుడికి ఉన్న మూడు సాకులూ పోయాయి, హాస్యం పోయింది. తల వంచుకుని నెమ్మదిగా అన్నాడు.

"కోల వెనక్కి లాగినప్పుడు నేను ఇక్కడ లేనక్కా. సూరమ్మ ఇంట్లో ఉన్నాను. చుట్టూ జనం కూర్చున్నారు. 'అంచు దాకా వెళ్ళి ఆగిపోయింది' అని చెప్తున్నాను. వాళ్ళు అయ్యో అంటున్నారు. ఆ అయ్యో ఎంత కమ్మగా ఉందో! నల్లబంతి ఇంకా బల్ల మీదే ఉందని, దాన్ని ఇంకా కొట్టనే లేదని, కొట్టాక గుర్తొచ్చింది."

"ఇంకా?"

"భయమేసింది. ఓడితే ఏం చెప్పాలో నాకు కంఠతా వచ్చు. గెలిస్తే ఏం చెప్పాలో తెలీదు. నిన్ను బంతిగా చూస్తూ కూడా నా బుర్ర అక్కడికే పోయిందక్కా. సిగ్గేస్తోంది."

బంతి వేళ్ళ మధ్య వెచ్చగా ఉండిపోయింది.

"విన్నాను," అంది వకుళ. "ఇక అది నాది."

శరభుడి భుజాల మీద ఏళ్ళ తరబడి కూర్చున్నదేదో దిగిపోయింది. వాడు మహావీరుడేమీ అయిపోలేదు. ముక్కు మండుతోంది, పంచె చిరిగింది, ఆకలేస్తోంది. ఆ ఆకలి మాత్రం చాలాకాలానికి మామూలు ఆకలిలా ఉంది.

"ఇంకో మాట. ఆటలో నన్ను కొట్టేటప్పుడు ఎడమ పక్కన కొట్టు. కుడి నడుము బీట ఇచ్చింది," అంది అక్క.

పోటు దిగింది. ధూమజటుడు త్రేన్చుకుంటూ వచ్చాడు. రెండో ఆట మొదలైంది.

ఈ బల్లకొక కట్టడి ఉంది. దొర్లే బంతి మీద మంత్రం పారదు. పారించబోతే మాంత్రికుడి జడలే కాలిపోతాయి. కానీ ఆడే మనిషి మనసు మీద పారించడానికి ఏ అడ్డూ లేదు. ధూమజటుడు ఇన్నాళ్ళూ గెలిచిందంతా ఆ దారినే. బంతి వేయడంలో అతను సామాన్యుడే.

ఆట జోరుగా సాగింది. శరభుడు పసుపుబంతిని వేశాడు, ఆకుపచ్చబంతిని వేశాడు. మాంత్రికుడు నీలంబంతిని వేశాడు. శరభుడి పక్కన పాము బుస వినిపించింది, వాడు పాదం ఎత్తి చూసుకుని మళ్ళీ దించాడు. గదంతా వరదొచ్చినట్టు నీళ్ళు కనిపించాయి, పంచె పైకి ఎగగట్టుకుని ఆడాడు. ఎర్రబంతిని ఎడమ పక్కన జాగ్రత్తగా తాకించి నడిమిగుంటలో వేశాడు. కింద వెండివలలో పడుతూ అది "మెల్లిగారా!" అన్నట్టు వాడికి అనిపించింది.

చివరికి నల్లబంతి మిగిలింది. మాంత్రికుడు కొట్టాడు. అది గోడ తాకి, తిరిగి, బల్ల నడుమ నిలిచింది. తెల్లబంతి అటు చివరికి పోయింది. బల్ల పొడవునా కొట్టాల్సిన దెబ్బ. శరభుడు కోల తీసుకుని వంగాడు.

అప్పుడు ధూమజటుడు జడ ఒకటి విదిల్చాడు. పొగ కమ్ముకుంది. పగడపు స్తంభాలు మాయమై వెదురు గుంజలు లేచాయి. విస్తళ్ళు, లోటాలు, వేడి పప్పులో నెయ్యి వాసన. సూరమ్మ కొంగు సర్దుకుంటూ ఎదురుగా నిలబడింది. చుట్టూ బాటసారులు, అందరి మొహాలూ శరభుడి వైపే.

"వచ్చావా నాయనా!" అంది సూరమ్మ. "అన్నం చల్లారిపోతోంది. ఎట్లా ఓడావో చెప్పు, అంతా నీ కోసమే చూస్తున్నారు."

"చెప్పు శరభా, చెప్పు!" అన్నారు బాటసారులు.

శరభుడి నోరు దానంతటదే తెరుచుకుంది. మొదటి మాట నాలుక చివరికి వచ్చేసింది కూడా. ఓడితే ఇంత సుఖం, ఇంత ఆదరణ! ఒక్క క్షణం వాడు నిజంగానే కూర్చుందామనుకున్నాడు. కానీ చెప్పడానికి వెతికితే కథ దొరకలేదు. పాతవన్నీ అక్క తీసేసుకుంది. కొత్తది ఇంకా జరగలేదు.

"ఇంకా ఓడలేదు సూరమ్మత్తా," అన్నాడు వాడు మర్యాదగా. "కాస్త పక్కకు జరుగు, బంతి కనిపించట్లేదు."

సూరమ్మ నిజంగానే పక్కకు జరిగింది. ఆమె వెనక నల్లబంతి ఉంది. నల్లగా, గుండ్రంగా, మీద కిటికీ వెలుగు చుక్కతో. శరభుడు దాన్ని చూశాడు. కోల కదిలింది.

టక్కుమని వెండివలలో ఏదో పడిన చప్పుడైంది. పొగ విచ్చుకుంది. బల్ల మీద తెల్లబంతి ఒక్కటే మిగిలింది. శరభుడికి ఏం చేయాలో తెలియలేదు. అలవాటు ప్రకారం తల వేలాడేసుకుని, అందరికీ క్షమాపణ చెప్పుకునేవాడిలా నిలబడ్డాడు.

"ఏడిశావులే, గెలిచావు!" అని కసిరాడు ధూమజటుడు. జడల పొగ నల్లబడింది. "కట్టడి ప్రకారం ఒక్క బంతి నీది. తీసుకుని తక్షణం నా ద్వీపం వదిలిపో."

శరభుడు వలలోంచి ఎర్రబంతిని తీసి నేల మీద పెట్టాడు. అది పొర విడిచినట్టు విచ్చుకుంది. కొంగు నడుముకు దోపుకుని, జుట్టంతా సుద్దపొడితో, కుడి నడుము పట్టుకుని వకుళ లేచి నిలబడింది. తమ్ముణ్ణి కింది నుంచి పైదాకా చూసి, "చిక్కిపోయావురా," అంది. ఆ మాటతో ఇద్దరికీ ఏడుపొచ్చేసింది. కాసేపు ఒకరినొకరు పట్టుకుని బావురుమన్నారు. గడప దగ్గర పీత కూడా ఒక కన్ను బయటపెట్టి చూసింది.

వకుళ కళ్ళు తుడుచుకుని, ఉన్నట్టుండి నేల మీద కూర్చుంది. "నాదీ ఒకటి మిగిలుంది. నువ్వు తప్ప నావాళ్ళెవరున్నారు? కూర్చో."

శరభుడు అటూ ఇటూ చూసి, పీట దొరక్క, బోర్లించిన గంగాళం మీద కూర్చున్నాడు. అక్క ఓటమిని తాను వినడం ఎన్నడూ లేదు.

"ఆ రోజు నాకు ఈ మాంత్రికుడు మన వంటిల్లు చూపించాడు," అంది వకుళ. "పొయ్యి ఆరిపోయుంది. నువ్వు ఖాళీ కంచం ముందు కూర్చుని ఉన్నావు. చూపు బంతి మీంచి నీ కంచం మీదికి పోయింది. నల్లబంతి గుంట దాటిపోయింది. అంతే."

నేను సూరమ్మ ఇంట్లో కడుపునిండా తిన్నానక్కా, నీకెందుకు దిగులు అని చెప్పాలని శరభుడి ప్రాణం కొట్టుకుపోయింది. కానీ వినేవాడు ఓదార్చకూడదు. "విన్నానక్కా. ఇక అది నాది," అన్నాడు. ఎంత బరువో అప్పుడు తెలిసింది వాడికి. ఇన్నేళ్ళూ ఇలాంటివి ఎన్ని మోసిందో ఈవిడ!

ఈలోగా ధూమజటుడు మిగిలిన బంతుల్ని సంచిలో వేసి బల్ల మీద పెట్టాడు. ఇద్దరూ గడప వైపు నడిచారు. పీత పక్కకు జరిగింది. మెట్ల కింద ఇనుపతలుపు ఎత్తి ఉంది, అవతల పడవ, ఎండలో మెరిసే నీళ్ళు. సరిగ్గా అప్పుడు వెనక బల్ల మీద సంచి కదిలింది. బంతులు ఒకదానికొకటి తగులుకుని కటకటమన్నాయి.

వకుళ ఆగిపోయింది.

"పదక్కా," అన్నాడు శరభుడు గాభరాగా. "వెనక్కి చూడకు. మనకు వీరత్వం ఒంటికి పడదు."

"ఇన్నాళ్ళూ ఒకే సంచిలో ఒకరి మీద ఒకరం పడి ఉన్నాంరా. యువరాజు గురక పెడితే నేనే తట్టి లేపేదాన్ని. పసుపుబంతి పెళ్ళికూతురు, పీటల మీంచి నేరుగా ఇక్కడికొచ్చింది." ఆమె గిర్రున తిరిగి, బల్ల మీది కోల అందుకుంది. "ధూమజటా! ఇంకొక ఆట. సంచిలో ఉన్న అందరి కోసం."

మాంత్రికుడు పగలబడి నవ్వాడు. "ఆడొచ్చు తల్లీ, ఆడొచ్చు! కానీ ఒకసారి బంతి అయిన ఒళ్ళు మళ్ళీ పణానికి చెల్లదు. ఇంకొక మనిషిని పెట్టు."

వకుళ తమ్ముడి వైపు చూడలేదు, కావాలనే చూడలేదు. కోలను మెల్లగా కింద పెట్టబోయింది.

శరభుడు పడవ వైపు చూశాడు. అది చాలా అందమైన పడవ. దాన్ని తాను ఎంత ప్రేమిస్తున్నాడో ఇంతవరకూ తెలుసుకోలేకపోయాడు. ఒక నిట్టూర్పు విడిచి వెనక్కి వచ్చాడు.

"నన్ను పెట్టక్కా," అన్నాడు. తర్వాత మాంత్రికుడితో, "పసుపు రంగు మాత్రం వద్దు స్వామీ, నాకు నప్పదు," అన్నాడు.

ధూమజటుడు వాణ్ణి బల్లకు అటు చివర రాతిపీట మీద నిలబెట్టాడు. ఆట సాగినకొద్దీ పాదాల నుంచి పైకి దంతం ఎక్కుతూ వస్తుంది. వకుళ గెలిస్తే కరిగిపోతుంది, లేకపోతే శరభుడు గుండ్రమై సంచిలో పడతాడు. ఆడేవాళ్ళకు పణంగా ఉన్నవాడు ఒక్క మాట సాయం చెప్పినా ఆట చెల్లదు.

"తల నుంచి మొదలుపెట్టకూడదూ?" అన్నాడు శరభుడు. "నోరు మూసుకోవడం తేలికయ్యేది."

అదే వాడి ఆఖరి మాట. వకుళ మొదటి దెబ్బకే రెండు బంతులు పడ్డాయి. శరభుడి పాదాలు చల్లబడి తెల్లగా అయ్యాయి. మాంత్రికుడు వేశాడు, వకుళ వేసింది, మళ్ళీ మాంత్రికుడు. మోకాళ్ళు పోయాయి. మెలిక దెబ్బ, గోడ దెబ్బ, బంతులు పిడుగుల్లా తిరుగుతున్నాయి. నడుము బిగిసింది. ఛాతీ బిగిసింది. ఊపిరి గొంతు దగ్గర చిన్నగా ఆడుతుండగా, బల్ల మీద నల్లబంతి మిగిలింది. వంతు వకుళది.

ధూమజటుడు జడలన్నీ ఒక్కసారే విదిల్చాడు. పొగలో ఈసారి వంటిల్లు లేదు. ఒక జింకతోలు సంచి ఉంది. దానిలోంచి ఒక కొత్త బంతి దొర్లి వచ్చి, వకుళ కాళ్ళ దగ్గర ఆగి, తమ్ముడి గొంతుతో "అక్కా" అని పిలిచింది. వకుళ చేతిలో కోల ఆగిపోయింది. ఆమె బెదిరి, అసలు తమ్ముడెక్కడున్నాడా అని తల ఎత్తింది.

శరభుడు ముక్కు దాకా దంతమైపోయాడు. కదిలేవి కళ్ళు మాత్రమే. ఆ కళ్ళతో ఆమెకు ధైర్యం చెప్పొచ్చు, బతిమాలొచ్చు, ఏడవొచ్చు. వాడు అవేవీ చేయలేదు. అసలు అక్క వైపే చూడలేదు. రెప్ప వేయకుండా నల్లబంతినే చూస్తున్నాడు.

వకుళ వాడి చూపు పోయినవైపే చూసింది. కాళ్ళ దగ్గర పిలిచిన బంతి మాయమై, బల్ల మీద నల్లబంతి ఒక్కటే కనిపించింది. తర్వాత నెమ్మదిగా వంగి, కోల వెనక్కి లాగింది.